సరుకు కంటే ముందు చేరే చదువు

ఎగుమతుల మీద రెండు మాటలు చెప్పమన్నారు. సంఘం సభలో ఎగుమతుల గొడవేమిటని కొందరు నవ్వుకుంటారేమో. కాస్త ఓపిక పట్టండి, మన వీధి దాకా వస్తాం.

1929లో బ్రిటన్ ప్రభుత్వం లార్డ్ డాబర్నాన్ నాయకత్వాన ఒక ఆర్థిక బృందాన్ని దక్షిణ అమెరికాకు పంపింది. అర్జెంటీనాలో రైళ్లు చాలావరకు బ్రిటిష్ కంపెనీలవే. అయినా అమెరికా మోటారుకార్లు, యంత్రాలు అక్కడి బజారును ఆక్రమిస్తున్నాయి. మరుసటి ఏడు ఆ బృందం ఇచ్చిన నివేదికలో వ్యాపారులు ఎదురుచూడని మాట ఒకటుంది. బ్రిటిష్ సంస్కృతిని అక్కడ పరిచయం చేయాలనీ, దీనికీ వాణిజ్యానికీ సంబంధం లేదనేవారు పొరబడుతున్నారనీ, ఫలితం త్వరగానే కనబడుతుందనీ వ్రాశారు. 1934లో బ్రిటిష్ కౌన్సిల్ ఏర్పడటం వెనుక ఇటువంటి ఆలోచన ఉంది.

ఆ "త్వరగా" అన్న మాటతో మాత్రం మేము ఏకీభవించము. ఇది చింతమొక్క నాటడం వంటిది. ఒక కుర్రవాడు పరాయి దేశంలో వైద్యం చదివాడనుకోండి. అక్కడి పుస్తకాలు, పరికరాలు, మందుల పేర్లు అతని చేతికీ నోటికీ అలవాటవుతాయి. పదిహేనేళ్లకు తన ఊరి ఆసుపత్రిలో కొనుగోలు కాగితం మీద సంతకం చేసే రోజు వస్తుంది. అప్పుడు తెలిసిన పేరే ముందు వ్రాస్తాడు. ఒక యంత్రం కొన్నాక విడిభాగాలూ అక్కడినుంచే రావాలి కదా! సరుకు నాసిరకమైతే మాత్రం ఎంత స్నేహమైనా ఒక్కసారికే.

మన దేశంలో 1950లోనే మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించారు. అమ్మకాల కోసం కాదు, దేశాల మధ్య స్నేహం కోసం. ఆ మండలి స్కాలర్‌షిప్పులతో విదేశీ విద్యార్థులు నేటికీ ఇక్కడికి వస్తున్నారు. 1964లో మొదలైన ఐటెక్ పథకం క్రింద విదేశీ ఉద్యోగులు శిక్షణకు వస్తున్నారు. మన హైదరాబాదులో ఉస్మానియాలోనూ, ఇఫ్లూలోనూ వీరిని చూస్తూనే ఉంటాం.

ఇక మన వీధి సంగతి. కొన్నేళ్ల క్రితం ఆఫ్రికా నుండి వచ్చిన ఫార్మసీ విద్యార్థి ఒకడు అద్దెగది కోసం ఎండలో తిరిగాడు. టూలెట్ బోర్డులు వేలాడుతున్న నాలుగిళ్లవాళ్లు "ఖాళీ లేదు బాబూ" అన్నారు. దాచడమెందుకు, అందులో ఒక ఇల్లు మాదే. అప్పటికే మా అబ్బాయి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాడు. ఆ పెట్టెలు పోయేది ఎక్కువగా ఆఫ్రికా దేశాలకే. ఆ రాత్రి వాడు భోజనం దగ్గర ఈ సంగతి విని, "అబ్బా, ఆ కుర్రాడే రేపు మా మందులు కొనేవాడు" అన్నాడు. మర్నాడు వెతికితే ఆ విద్యార్థి కనబడలేదు.

గదులున్న సభ్యులు భోజనాలకు లేచే ముందు కార్యదర్శిగారి దగ్గర పేర్లు వ్రాయించండి. మొదటి పేరు మేము వ్రాయించాం.