ఎదురీదే చేప

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

నేనుండే వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ వానల అడవులున్నాయి. అక్కడి హో నదిలో గైడును వెంటబెట్టుకుని స్టీల్‌హెడ్ చేపకు గాలమేస్తారు. ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగే ఎర. చేప పడగానే గైడు తోకకు ముందు, వీపు మీదున్న చిన్న రెక్క చూస్తాడు. అది కత్తిరించి ఉంటే హేచరీ చేప. ఉంటే నదిలో పుట్టింది, వదిలెయ్యాల్సిందే.

మన పులసా అలాంటిదే. సముద్రంలో ఇలస అనే చేపే గుడ్లు పెట్టడానికి గోదావరి వరదకు ఎదురీదితే పులస. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పులస నదిలోకి ఎక్కేది ఆ తర్వాత, జూలై వరదల్లో!

అక్కడ ఎల్వా నది మీద రెండు డ్యాములు 2011-2014 మధ్య తీసేస్తే సాల్మన్ మళ్లీ పైకెక్కింది. మన బ్యారేజీలు తీయమనను. తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలు ఆ కాలవ నీళ్లతోనే మనకు అన్నం పెట్టాయి.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. కానీ జెన ఉన్న పులసకు ఎక్కువ ధర పెట్టేది మనమే. ఆ ఒక్కటి మానేద్దాం. అడిగేవాళ్లు తగ్గితే కొన్నయినా గుడ్లు పెడతాయి. మన మనవలకూ పులస పులుసు మిగులుతుంది.

సెలవు.