రికార్డులో పాట, చేనిలో పాట

పాట వినవలెనన్న పాడువారి యొద్దకు పోవలసిన దినములు ఒకప్పుడు ఉండెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానమును గ్రామఫోను రికార్డులకు ఎక్కించిరి. గంటలకొలది సాగు రాగము రికార్డు ఒక ముఖమున పట్టుటకై రమారమి మూడు నిమిషములకు ఒదిగిపోయెను. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకొనెడిది. తరువాత వచ్చిన మన నాటక పద్యముల రికార్డులును ఇట్టివే. రంగస్థలముపై ‘వన్స్‌మోర్’ అని కేక పడినచో నటుడు పద్యమును మరల ఎత్తుకొని రాగమును మరికొంత సాగదీయును. రికార్డును నూరు మారులు త్రిప్పినను అదే పద్యము, అదే ఊపిరి! ఇది లోపమని మేము అనము. నాటకశాల ముఖము చూడనివారు ఎందరో ఇంటిలో కూర్చుండి విన్నారు గదా! అయినను విన్నది నాటకమునందలి పద్యము కాదు, దాని పోలికగల వేరొకటి.

ఈ భేదము పని పాటలయందు మరింత స్పష్టము. సంగారెడ్డి జిల్లానే తీసికొందము. జొన్నచేనిలో కలుపు తీయు స్త్రీలలో ఒకతె చరణమెత్తగా తక్కినవారు అందుకొందురు. సాలు పొడుగైనచో పాటయు పెరుగును. ప్రక్కనున్న వదినెపై ఒక ఎత్తిపొడుపు మాటయు అందులో చేరును. ఆ పాటకు కొలత పని. అదే స్త్రీని గదిలో మైకు ముందు కూర్చుండబెట్టి పాడుమన్నచో, చేతిలో పని లేక గొంతు తడబడును. వదినె మాట అసలే రాదు.

1970ల నుండి పటాన్‌చెరు పరిసరముల చేలు అనేకము కర్మాగారములైనవి. విసురురాయి పనిని పిండిమర తీసికొన్నది. పని పోయినచోట పాటకు రికార్డు ఒక్కటే సాక్షిగా మిగులును. కావున ఆ రికార్డు ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి అనునది చిన్న విషయము కాదు.

జిల్లా పడమటి ప్రక్క, జహీరాబాదు చేరువనున్న మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారములు ఆరంభమైనవి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములకు చెందిన దళిత స్త్రీలు, జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ మొదలగువారు, దానిని నడుపుటకు పూనుకొనిరి. అచ్చట పాడునదియు మైకు పట్టునదియు ఒకే వాడకట్టు మనుష్యులు. ఏ పాట నాట్లదో, ఏది కోతలదో వేరొకరు చెప్పనక్కరలేదు. పాటను ఎచ్చట ఆపరాదో వారికి తెలియును. పట్టణము నుండి వచ్చి గంటలో తిరిగిపోవు మావంటివారికి ఆ ఎరుక రమ్మన్న రాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ లక్షకు పైగా విత్తన రకములను చలిగదులలో దాచియున్నది. ఈ సంఘముల స్త్రీలును విత్తనములు దాతురు, బుట్టలలో, బూడిదయు వేపాకును కలిపి; అయితే ఏటేట చేనిలో వేసి మరల తెత్తురు. చలిగదిలోని గింజ తానున్నట్లే ఉండును. బుట్టలోని గింజ ప్రతి ఏటి వానను ఎరుగును. రెండును కావలసినవే. రికార్డు మొదటిదానివంటిది.

ఇప్పుడు ప్రతి ఇంట చేతిఫోనులోనే రికార్డు చేయు సాధనము కలదు. మీ ఇంటి అవ్వ పాడునపుడు ఆమెను కుర్చీలో కూర్చుండుమనకుడు. చేట చెరుగుచున్నచో చెరుగనిండు. ఆమె పేరు, ఊరు, అది ఏ పని పాటయో ఆమె నోటనే చెప్పించుడు, గౌహర్ జాన్ చెప్పినట్లు. చేట చప్పుడును మాత్రము తుడిచివేయకుడు.