పాత పడవకు క్రొత్త కమ్ములు

మేడకు పిట్టగోడ యెట్టిదో పడవకు పక్క కమ్మి యట్టిది. అయితే మేడ కదలదు, పడవ కదలును. కావున పడవమీద కమ్మి అలంకారము కాదు, ప్రాణరక్షకము. గోదావరి పాయలలో తిరుగు కొయ్య పడవలకు మరమ్మతులు చేయించుట నా వృత్తి. పాత చిన్న మోటారు పడవకు క్రొత్త కమ్ములు అమర్చు విధమును గూర్చి నేడు కొంత మనవి చేయుదును. పడవ గలవారికే కాక, పడవ యెక్కువారికిని ఈ సంగతి తెలిసియుండుట మేలు.

మొదట ఒక చిన్న లెక్క. కమ్మిని మోయు నిలువు కంబము ఎత్తు 24 అంగుళములు అనుకొనుడు. దాని అడుగు రేకులో లోపలివైపు బోల్టులకును వెలుపలి అంచునకును నడుమ దూరము 3 అంగుళములు. పడవ ఒరిగినపుడు ఒకడు తూలి 60 కిలోల బరువుతో కమ్మిని వెలుపలికి నెట్టినచో కంబము మీటవలె పనిచేయును. అపుడు అడుగు బోల్టులమీద పడు లాగుడు 8 రెట్లగును. అనగా 480 కిలోలు. పై నుండి చెక్కలోనికి బిగించిన మరమేకులు, అందును ఏండ్ల తరబడి తడిసి ఆరిన చెక్కలో, ఇంతటి లాగుడునకు నిలువజాలవు. కమ్మి బలము గొట్టములో లేదు; దాని క్రింది చెక్కలో నున్నది.

కావున గొట్టములు కొనుటకు ముందు చెక్కను పరీక్షింపవలెను. సుత్తితో మెల్లగా తట్టినచో గట్టి చెక్క ఖంగున పలుకును, పుచ్చిన చెక్క బొదబొద లాడును. అనుమానము కలిగినచోట సూదిమొన గ్రుచ్చి చూడవలెను. చెక్కను కుళ్లించునది ఉప్పునీటికంటె వాననీరే యెక్కువ. పాత మేకుల రంధ్రములలో అది నిలిచి లోలోపల పని చేయును. కుళ్లిన భాగమును కోసి క్రొత్త చెక్క అతికిన పిమ్మటనే కంబము నిలుపవలెను. లేనిచో పైన పటారము, లోన లొటారము అగును.

బోల్టు బల్లకు ఆరపార దిగవలెను. క్రిందివైపున కంబము అడుగు రేకుకంటె వెడల్పయిన గట్టి చెక్క దిమ్మనో లోహపు పలకనో వేసి నట్టు బిగింపవలెను. అపుడు లాగుడు ఒక్కచోట పడక బల్లయంతట పంచుకొనబడును. రంధ్రములో నీరు దిగకుండ అడుగు రేకు క్రింద మెత్తని పూతను నిండుగ పట్టింపవలెను.

ఇక లోహము. సముద్రము దాపున ఉప్పు తగులు పాయలలో 304 రకపు తుప్పుపట్టని ఉక్కుకును గోధుమ మరకలు వచ్చును. 2, 3 పాళ్లు మాలిబ్డినము కలిసిన 316 రకము ఉప్పునకు ఎక్కువగా ఓర్చును. బోల్టులును అదే లోహమువై యుండవలెను.

ఎత్తు విషయములో పిసినారితనము కూడదు. మోకాలి క్రిందనే తగులు కమ్మి మనిషిని ఆపుటకు బదులు నీటిలోనికి బోర్ల పడవేయును. పిల్లలు జారిపోకుండ నడుమ మరియొక కమ్మి యుండవలెను. అట్లని పక్కలు పలకలతో మూసివేయరాదు. పైకెక్కిన నీరు వెంటనే పోవుటకు దారి యుండవలెను. బరువైన సామాను పైభాగమున చేరినకొలది పడవ నిలకడ తగ్గునని మరువరాదు.

కమ్మి ఒక మనిషిని పడకుండ ఆపును గాని పడవను మునుగకుండ ఆపదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద గోదావరిలో విహార పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిన సంగతి మనమెరుగుదుము. క్రొత్త కమ్ములు వచ్చినవిగదా యని అదనముగ పదిమందిని ఎక్కించుకొనుటయు, ప్రాణరక్షక కవచములను మూలకు చేర్చుటయు ఘోరము.

పని ముగిసిన పిదప పడవను రేవున కట్టి, ఇద్దరు బలమైన మనుష్యులచే ఒక్కొక్క కంబమును లోపలికిని వెలుపలికిని లాగించి, బల్ల క్రింద దీపముపెట్టి చూడవలెను. దిమ్మ కదలినను, బల్ల చిట్లినను ఆ పని తిరిగి చేయవలసినదే.

బిడ్డను చంకనెత్తుకొని పడవ యెక్కు తల్లి కమ్మిని పరీక్షించి పట్టుకొనదు, నమ్మి పట్టుకొనును. ఆమె బల్ల క్రిందికి తొంగిచూడదు. ఆమెకు మారుగ ఆ చూపు చూడవలసినవాడు కమ్మి అమర్చినవాడే.