‘స్టామినా’ అను మాట



ఇంగ్లీషు రానివారు సైతము ‘స్టామినా’ అనుచుందురు. విద్యార్థులు దీనికి ‘బలము’ అని అర్థము వల్లెవేయుదురు. అది చాలదు. బండలాగుడు పందెమున ఒక్క ఊపుతో బండను కదల్చుట బలము. గడువు ముగియువఱకు లాగుచునే యుండుట స్టామినా. ఈ మాటకు పుట్టినిల్లు గోదా కాదు, మగ్గము.

లాటినుభాషలో ‘స్టామెన్’ అనగా పడుగుపోగు. దాని బహువచనమే ‘స్టామినా’. ప్రాచీన రోమనుల నిలువుమగ్గమున పడుగు పైనుండి క్రిందికి బిగువుగా నిలిచెడిది. పేక వచ్చి పోవునది. నేత ముగియువఱకు బిగువునంతయు భరించునది పడుగే. మన నేతగాండ్రు దానికి గంజిపెట్టుట అందులకే. ఈ పదమునకు వారికంటె మంచి వ్యాఖ్యాతలు లేరని నా తలంపు.

మనుష్యుని ఆయువును దారముగా వడికి, కొలిచి, త్రెంచు ముగ్గురు దేవతలు గలరని గ్రీకులును రోమనులును నమ్మిరి. ఆ ఆయుస్సూత్రమునకును స్టామెన్ అనియే పేరు. 17వ శతాబ్దమున ఈ పదము ఇంగ్లీషున ప్రవేశించెను. 18వ శతాబ్దమున ‘దేహదార్ఢ్యము’, ‘ఓర్చి నిలుచు శక్తి’ అను అర్థములు నెలకొనెను. లాటినున పెక్కు పోగులైనది ఇంగ్లీషున ఏకవచనమైపోయినది!

ఇంతకంటె వింత యొకటి కలదు. స్టామెన్‌నకు మూలమైన ధాతువును, నిలుచుట యను అర్థము గల సంస్కృత ‘స్థా’ ధాతువును తోబుట్టువులు. స్థిరము, స్థైర్యము దానినుండి వచ్చినవే. బలమను అర్థము గల ‘స్థామము’ కూడ అట్టిదే. పుట్టగనే గుఱ్ఱమువలె సకిలించిన ద్రోణపుత్రుని పేరు తలచుకొనుడు: అశ్వత్థామ.