గడప ఎత్తు తగ్గించుకుందాం



మేము షోలాపూర్ నుంచి వచ్చాం. తాతల కాలంలో మగ్గం పని కోసం వలస వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు మావి. ఇవాళ చాదర్ల గురించి, టవళ్ల గురించి కాదు, మన ఇళ్ల గడపల గురించి నాలుగు మాటలు చెప్తాం.

మన ఇల్లు ఎట్లుంటదో మీకు ఎరుకే. ముందర సాంచాలు, వెనక వంట, పైన పడక, పైకి పోవడానికి నిలువు ఇనుప మెట్లు. స్నానానికి, దొడ్డికి పెరట్లోకి రెండు మెట్లు దిగాలి. పక్షవాతం వచ్చిన కాలికి, అరిగిన మోకాలికి ఆ రెండు మెట్లే కొండ. రాత్రి లేవాల్సి వస్తదని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసే తల్లులు మన వాడల్లో ఉన్నారు. కొడుకు సాంచా ఆపి వచ్చి ఎత్తుకోవాలి, ఆపితే కూలి పోతది. ఇద్దరికీ కష్టమే.

దీన్ని సరిచేయడానికి ఇల్లు పడగొట్టక్కర లేదు. గడప దగ్గర ఏటవాలు దారి కట్టించాలి. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు లెక్క. అర అడుగు గడపకు ఆరడుగులు కావాలి. తలుపు 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు తెరుచుకుంటే చక్రాల కుర్చీ పడుతుంది. దొడ్డి గోడకు పట్టుకునే కడ్డీ, కింద జారని బండలు.

మరి డబ్బు? చాలామంది వడ్డీకి తెస్తున్నారు, లేకుంటే ఊరుకుంటున్నారు. అర్జీ పెట్టడమంటే చేయి చాచడం అనుకుంటారు. కాదు, అది హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇళ్ల కేటాయింపులో, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది. మా మహారాష్ట్రలో మున్సిపాలిటీలు, గ్రామ పంచాయతీలు సొంత ఆదాయంలో 5 శాతం దివ్యాంగుల కోసం ఖర్చు పెట్టాలి. అందులోంచి ఇంటి పనికి ఇస్తారా, ఎంత ఇస్తారు అన్నది ఊరూరికీ మారుతుంది. అందుకే పోయి అడగాలి, నోటితో కాదు, కాగితం మీద.

ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు చేయించుకోండి. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడి పేరున ఉంటే అందరి సమ్మతి పత్రం, అద్దెదైతే యజమాని సమ్మతి రాయించుకోండి. చెడిపోయిన చోటు ఫొటో, మేస్త్రీ వేసిన ఖర్చు లెక్క జతచేయండి. అర్జీ ఇచ్చాక ముద్ర వేసిన నకలు తప్పక తీసుకోండి. నకలు లేకుంటే మీరు అడిగినట్టు రుజువే లేదు.

అర్జీ మాకు మరాఠీలో, మీకు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో రాయాలి. పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతున్నారు. సమాఖ్యను మేము కోరేది ఒక్కటే. ప్రతి శాఖలో ఆ భాష రాయగల పిల్లలు ఇద్దరు ముందుకు రావాలి. బడ్జెట్ తయారయ్యే లోపే వాడ తిరిగి, గడప దాటలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకోవాలి, వాళ్ల వెంట ఆఫీసుకు పోవాలి.

ఊరికంతా గుడ్డ నేసి ఇచ్చినవాళ్లు చివరి రోజుల్లో సొంత పెరట్లోకి తమ కాళ్ల మీద పోగలగాలి.