నర్సమ్మ మాట కూడా వైద్యమే
(ప్రసంగ పాఠం)



సూది వేయటం, కట్టు కట్టటం నేర్పినట్టే నర్సులకు మాట్లాడటం కూడా నేర్పాలా అని కొందరు అడుగుతారు. నోరు వేరు, నేర్పు వేరు. రోగి గదిలో గుసగుసలాడటం క్రూరమని ఫ్లారెన్సు నైటింగేల్ 1859లోనే తన నర్సింగు పుస్తకంలో హెచ్చరించింది. ఈనాడు మన దేశంలో నర్సింగు డిగ్రీ చదువులో ఇదొక పాఠం. డాక్టరు చదువులో కూడా 2019 నుండి చేర్చారు.

అయితే మన మెట్ట ప్రాంతంలో ఒక చిక్కుంది. జగ్గయ్యపేట, నందిగామలు 2022లో కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి మారాయి గాని, మన ఇళ్ళలో భాష మారలేదు. బాధ చెప్పుకోవాలంటే పెద్దవాళ్ళకు ఉర్దూయే నోటికి వస్తుంది. ఒక నానీ "చక్కర్ ఆరా" అన్నదనుకోండి. కళ్ళు తిరుగుతున్నాయని ఆమె భావం. తెలుగు నర్సమ్మ చెవికి అది చక్కెర వ్యాధిగా వినిపించవచ్చు. పక్కనున్న మనవడు తర్జుమా చేస్తాడు సరే, ఆడవాళ్ళ బాధలు వాడి ముందు చెబుతుందా?

రంజాన్ నెల సంగతి చూడండి. షుగరు ఉన్నవారు ఉపవాసముంటూ మాత్రలు, ఇన్సులిన్ తమకు తోచినట్టు మార్చుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. "రోజా ఉంటున్నారా అమ్మా?" అని నర్సు ముందే అడిగితే, విషయం డాక్టరుకు చేరుతుంది. ఉండవచ్చునో లేదో, మందు ఎంతో, ఏ వేళకో ఆయన చెబుతారు. "ఈ జబ్బుతో ఉపవాసమేమిటి?" అని కసిరితే, మరుసటిసారి ఆమె నిజం దాచేస్తుంది.

"అర్థమైందా?" అంటే అందరూ తలలూపుతారు. "ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎలా వేసుకుంటారో నాకొకసారి చెప్పండి" అనాలి. తప్పు చెబితే విసుక్కోక, మరోవిధంగా వివరించాలి. క్షయ మందు దగ్గు తగ్గగానే మానేస్తే జబ్బు మొండికేస్తుంది. అక్కడ ఈ ఒక్క ప్రశ్న ఎంత మేలో ఆలోచించండి.

మనవైపు నుండి కూడా మర్యాద ఉండాలి. ఒక్క నర్సు వార్డంతా చూసుకునేచోట పదిమందిమి మంచం చుట్టూ మూగి కేకలేస్తే ఆమెకు మాత్రం ఓపిక ఎక్కడిది?

ఇవి వింటే వచ్చేవి కావు, అభ్యాసంతో వచ్చేవి. ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా మాట్లాడి చూపాలి. సంఘానికి నా మనవి ఒకటే: నర్సింగు విద్యార్థినులను పిలిపించి, మన అమ్మలను, నానీలను వారి ముందు రోగులుగా కూర్చోబెట్టండి. పదిమాటల ఉర్దూ వారికి వస్తుంది, ఆసుపత్రి భయం వీరికి పోతుంది. డబ్బుతో పనిలేని ఈ సేవకు మీరందరూ పూనుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.