పేటకి రాని వైద్యం ఎవరికి ఉచితం?

(వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుననగా చేలల్లోకి పోయి, వంగిన నడుం ఎత్తకుండా పనిచేసి వచ్చారు. పిల్లలకి ఇంత వండిపెట్టి ఇక్కడికొచ్చి కూర్చున్నారు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఒక్క సంగతే మాట్లాడుకుందాం. మనిషికి జబ్బు చేస్తే వైద్యం డబ్బుల్లేకుండా అందాలా, వద్దా? అందాలంటే ఎవరికి అందాలి, ఎక్కడ అందాలి?

ముందు జరిగిన సంగతి చెప్తాం. నిరుడు పత్తి తీతల రోజుల్లో, మా బళ్ళో పదో తరగతి చదివే పిల్ల ఒకామె వారం రోజులు రాలేదు. కనుక్కుందామని పేటలోకి పోయాం. ఇంటికి తాళం వేసుంది. పక్కింటామె చెప్పింది, వాళ్ళమ్మని చేలో పాము కరిచిందని.

కరిచింది సాయంత్రం ఐదున్నరకి. పావుగంటలో మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని మండలంలో ఉన్న గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఒక్కతే ఉంది. మందు బీరువా తాళం ఇంకెవరి దగ్గరో ఉంది. తాళం ఉన్నా, డాక్టరు పక్కన లేకుండా ఆ మందు ఎక్కించే ధైర్యం ఆమెకి లేదు. ఆమెని మేము తప్పుపట్టం. 'పెద్దాసుపత్రికి తీసుకుపొండి' అని చీటీ రాసిచ్చింది. ఆటో మాట్లాడుకుని నలభై కిలోమీటర్లు బయల్దేరారు. సగం దారిలోనే ఆమెకి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. భయపడి దారిలో కనిపించిన ప్రైవేటు ఆసుపత్రి దగ్గర ఆపారు. కార్డు చూపిస్తే 'అది ఇక్కడ చెల్లదు' అన్నారు. ముప్పై వేలు కడితేనే మంచం అన్నారు.

ఆమె బతికింది. సంతోషమే. ఖర్చు లక్షా నలభై వేలు. పాడి గేదెని అమ్మారు. మిగిలింది ఊళ్ళో ఆసామి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అప్పు తీరేదాకా తల్లీ కూతురూ ఆయన చేలోనే పనిచేయాలని మాట. మేము మళ్ళీ పోయి పిల్లని బడికి రమ్మంటే 'అప్పు తీరాక వస్తా' అంది. పదో తరగతి పరీక్షలు అప్పు తీరేదాకా ఆగుతాయా? పరీక్ష ఫీజు మేము కట్టాం. వడ్డీ ఎవరు కడతారు?

ఇందులో ఉచితం కానిది ఏముందో చూడండి. గవర్నమెంటు ఆసుపత్రి ఉచితం. పాము కాటు మందు అక్కడ ఉచితం. చేతిలో కార్డూ ఉంది. అన్నీ ఉచితమే గాని, సాయంత్రం ఆరు గంటలకి ఒక కూలిమనిషి ఒంట్లోకి ఆ మందు ఎక్కలేదు. అందుకే 'ఉచిత వైద్యం' అనే మాటకి మనం ఊరికే చప్పట్లు కొట్టకూడదు. ఏ వేళప్పుడు, ఎంత దూరంలో, ఎవరి చేతుల మీదుగా అని అడగాలి.

పాము కరవడం ఖర్మ అంటారు కొందరు. ఖర్మ ఎంత, మందు లేకపోవడం ఎంత? మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో పోయినవాళ్ళు సుమారు పన్నెండు లక్షలని పరిశోధకులు లెక్క తేల్చారు. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మంది పల్లెల్లో వాళ్ళే. ఎక్కువ చావులు ఆసుపత్రిలో కాదు, ఇళ్ళ దగ్గరే. చెప్పుల్లేకుండా చేలోకి దిగేవాళ్ళనీ, నేల మీద పడుకునేవాళ్ళనీ, చీకట్లో బయటికి పోయేవాళ్ళనీ పాము కరుస్తుంది. మేడమీద ఏసీ గదిలో పడుకున్నవాణ్ణి ఎక్కడ కరుస్తుంది? నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసే ఈ నాలుగింటికీ ఒకటే మందు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సైతం ఉండాల్సిన మందుల జాబితాలో అది ఉంది.

ఆ మందు ఎలా తయారవుతుందో తెలుసా? పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తారు. మరి ఆ విషం పట్టేదెవరు? తమిళనాడులో ఇరుళ గిరిజనులు. 1978లో వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా మన దేశంలో తయారయ్యే ఈ మందుకి కావాల్సిన విషంలో పెద్ద భాగం వాళ్ళు పట్టిందే. పాముని పట్టేది అడివి బిడ్డ. పాము కాటు తినేది కూలి బిడ్డ. మందు మాత్రం డబ్బున్న ఊళ్ళో, డబ్బు తీసుకునే గదిలో దొరుకుతుంది. ఇదీ మన దేశం.

ఇంకొక సంగతి చెప్తాం. ఇదీ ఒక బడిపంతులు కథే. 1929లో కాఠియావాడ్‌లో, అంటే ఇప్పటి గుజరాత్‌లో, ఒక దళిత పంతులు భార్య ప్రసవమైన రెండు రోజులకే జబ్బుపడింది. డాక్టరుకి ఫీజు కట్టడానికి పంతులు సిద్ధమే. డాక్టరు మాత్రం అంటరానివాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెప్పగా చెప్పగా, రోగిని వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. బాలింతని బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు. అతను పంతులికిచ్చాడు. పంతులు భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి పోయింది. చెయ్యి ముట్టలేదు, నాడి చూడలేదు. న్యుమోనియా అని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత పిలిస్తే రాలేదు. ఆ తల్లి చచ్చిపోయింది. పంతులు రాసిన ఉత్తరం గాంధీగారి పత్రికలో వచ్చింది. బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో పెట్టాడు.

ఆనాడు ఆ పంతులి దగ్గర డబ్బుంది, ఊళ్ళో డాక్టరున్నాడు, కులం అడ్డమొచ్చింది. ఈనాడు డబ్బు కడితే ఏ డాక్టరైనా ముట్టుకుంటాడు. మరి డబ్బు ఎవరి దగ్గరుంది? భూమి ఎవరి దగ్గరుందో వాళ్ళ దగ్గరే ఉంది. కులం పోలేదన్నా! బిల్లు కౌంటరు వెనకాల కూర్చుంది.

ఆరోగ్యశ్రీ సంగతికొద్దాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. దాని వల్ల బతికినవాళ్ళు మన పేటల్లో ఉన్నారు. గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన పిల్లలున్నారు. కాదనం. ఆ పథకం తీసెయ్యమని మేము అనడం లేదు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకం పరిమితి పెంచుకుంటూ వచ్చారు. 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలు చేశారు, అదే నెలలో ఆంధ్రాలో ఇరవై ఐదు లక్షలన్నారు. బాగానే ఉంది. కాని రోజూ మింగే బీపీ మాత్ర, షుగరు మాత్ర కార్డు చూపిస్తే మందుల షాపువాడిస్తాడా? ఇవ్వడు. ఆ మాత్ర కొనలేక మానేసినవాడికి పక్షవాతం వస్తుంది. అప్పుడు కార్డు పనిచేస్తుంది. పది రూపాయల మాత్ర దగ్గర లేని సర్కారు, లక్ష రూపాయల ఆపరేషన్ దగ్గర కనిపిస్తుంది. పైగా ఆ లక్షలో చాలా భాగం ప్రైవేటు ఆసుపత్రికే పోతుంది. అదే డబ్బుతో మండలానికి రాత్రి డాక్టరుని పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్ళు లేరు.

కొందరు పెద్దలు అంటారు, 'ఊరికే ఇస్తే విలువుండదు' అని. అయ్యా, పోలియో చుక్కలు ఊరికే వేశారు. వెయ్యడానికి పేటలోకి వచ్చారు, ఇటుక బట్టీల దగ్గరికి వచ్చారు, బస్టాండుల్లో నిలబడి వేశారు. కార్డు అడగలేదు, కులం అడగలేదు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో ఆ జబ్బు కొత్తగా ఎవరికీ రాలేదు. 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఊరికే ఇచ్చారు కాబట్టే, అందరికీ ఇచ్చారు కాబట్టే పోలియో పోయింది. ఒక్క పేటని వదిలేసినా పోయేది కాదు. జబ్బుకి ఊరి పొలిమేర తెలియదు. మనకి అంటింది వాళ్ళకీ అంటుంది కాబట్టి అప్పుడు మన గుడిసె దాకా వచ్చారు. అంటని జబ్బయితే రారు. తేడా అక్కడుంది.

ఇంకో మాట: 'అంత డబ్బు ఎక్కడ్నుంచి వస్తుంది?' మన దగ్గర్నుంచే వస్తుందన్నా. తలనొప్పి బిళ్ళ మీద, బీడీ కట్ట మీద, ఫోను రీచార్జి మీద పన్ను కడుతున్నాం. సారా పోయి బ్రాందీ షాపులొచ్చాక వాటి మీద ఖజానా నింపుతున్నదెవరు? మన ఇళ్ళల్లో మగవాళ్ళే గదా. ఆడవాళ్ళని అడగండి చెప్తారు. మనం అడిగేది దానం కాదు, మన సొమ్ములో మన వాటా. సర్కారు లెక్కలే చూద్దాం. 2013-14లో దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 64 జనం తమ జేబులోంచి పెట్టుకున్నారు. 2021-22కి అది 39కి తగ్గింది. తగ్గిందంటే తగ్గించడం సాధ్యమనే గదా అర్థం! ఆ ఏడాది ప్రభుత్వాలన్నీ కలిసి వైద్యం మీద పెట్టింది దేశ స్థూల ఉత్పత్తిలో 1.84 శాతం. 2025కల్లా రెండున్నర శాతం చేస్తామని 2017లో వాళ్ళ విధానంలో వాళ్ళే రాసుకున్నారు. డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. అప్పటికి ఇంకా తెల్లదొర దిగలేదు.

బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో, ప్రసవానికి ముందూ వెనకా కూలితల్లికి విశ్రాంతీ డబ్బూ ఇవ్వాలన్న బిల్లుని బలపరిచాడు. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశాడు. కార్మికుల ఆరోగ్య బీమాకి పునాది పడింది ఆ రోజుల్లోనే. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుడికి డాక్టరు, మందులు, సెలవు రోజులకి కొంత కూలి అందులో ఉన్నాయి. పత్తి తీసే తల్లికి ఇప్పటికీ ఏ ఈఎస్ఐ ఉంది?

కోర్టు కూడా చెప్పింది. 1992లో బెంగాల్లో ఒక వ్యవసాయ కూలి రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, మంచాలు లేవని ఒక సర్కారు ఆసుపత్రి తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో డబ్బు పెట్టుకున్నాడు. కూలీల సంఘం సుప్రీంకోర్టుకి పోయింది. 1996లో తీర్పు వచ్చింది. ప్రాణం కాపాడే వైద్యం అందించకపోతే రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాసినట్టే, డబ్బుల్లేవని ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదు అని చెప్పి, 25 వేలు నష్టపరిహారం ఇప్పించింది. ఒంటరిగా ఆ కూలి పోతే గెలిచేవాడా? సంఘం ఉంది కాబట్టి గెలిచాడు.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకుందాం. ముందు మా తప్పు. మేము చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నాం. మాకు ఉద్యోగుల హెల్త్ కార్డుంది. పిల్లలకి జ్వరమొస్తే పట్నంలో ప్రైవేటుకే పోతున్నాం. గవర్నమెంటు ఆసుపత్రి గుమ్మం తొక్కడం మానేశాం. రిజర్వేషన్‌లో డాక్టర్లయిన మన పిల్లల్లో కొందరు పల్లె పోస్టింగు వద్దని పైరవీలు చేస్తున్నారు. నోరున్నవాళ్ళం ఆసుపత్రి వదిలేస్తే, అక్కడ నోరులేనివాళ్ళే మిగులుతారు. అప్పుడు సాయంత్రం ఐదుకల్లా డాక్టరు వెళ్ళిపోతే అడిగేదెవరు? ఇక మీ తప్పు. ఒళ్ళు నొప్పులంటే ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ పెట్టించుకుంటున్నారు. పాము కరిస్తే ముందు మంత్రగాడి దగ్గరికి పరిగెడుతున్నారు. మంత్రం వేయించిన గంటలో ప్రాణం పోతుంది.

ఇంకో మాట. ఆ ఆసుపత్రి ఊడ్చేదెవరు? నెత్తుటి గుడ్డలు ఎత్తేదెవరు? మన అక్కచెల్లెళ్ళే, అదీ కాంట్రాక్టు మీద. 2020లో కరోనా వచ్చినప్పుడు వాళ్ళకి చప్పట్లు కొట్టారు. జీతం పెంచమంటే కాంట్రాక్టరుని అడగమంటారు. ఆసుపత్రి బాగుపడాలని మనం అడిగేటప్పుడు వాళ్ళ జీతం కూడా మన డిమాండులో ఉండాలి.

కాబట్టి ఈ సభలో నాలుగు పనులు అనుకుందాం. ఒకటి, మన ఆసుపత్రిలో పాము కాటు మందు ఎన్ని సీసాలుందో, రాత్రి డ్యూటీ ఎవరిదో రోజూ బయట బోర్డు మీద రాయించాలి. రెండు, ఏడాదిలో ఎన్ని రోజులు ఆ మందు లేదో సమాచార హక్కు కింద కాగితం పెడదాం. పెట్టే పని మాది. మూడు, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మన పేట ఆడమనిషి ఒకామె ఉండాలి. నాలుగు, ఎవరినైనా తిప్పి పంపితే ఒంటరిగా వెనక్కి రావద్దు, సంఘానికి ఫోన్ చెయ్యండి, పదిమందిమి వచ్చి అక్కడే కూర్చుంటాం.

ఆ పిల్ల పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది. రాత్రిపూట పేటలోనే పాఠాలు చెప్తున్నాం. అప్పు పత్రం గురించి ఆసామితో సంఘం మాట్లాడాలి. సోమవారం పొద్దున్నే పనికి పోకముందు అందరం ఆసుపత్రి దగ్గర కలుద్దాం. ఆ బోర్డు రాయించే వద్దాం.

జై భీమ్!